అమ్మకు చెప్పిన ప్రోగ్రెస్

మా నాన్న అమీర్‌పేటలో దర్జీ. 1980ల్లో ఆయన్ను పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఇంట్లో ఇంగ్లీషు చదువుకున్నది నేనొక్కదాన్నే. డాక్టర్ అన్నది అమ్మకు చెప్పే పని నా మీద పడింది.

మొదట్లో డాక్టర్ "గుడ్ ప్రోగ్రెస్" అనేవాడు.

"ప్రోగ్రెస్ అంటే ఏంది?" అని అడిగింది అమ్మ.

"ముందటికి పోవుడమ్మా. నాన్నకు నయమైతున్నది."

ఆ సాయంత్రమే అమ్మ దుకాణం తెరిచి, పండుగ కుర్తాలకు వచ్చిన బట్టలు తీసుకుంది. మా దగ్గర కత్తెర పట్టేది నాన్న ఒక్కడే. ఆయన కుట్టి ఇవ్వగలడనుకుంటేనే ఒకరి బట్ట ముట్టాలన్నది మా ఇంటి పద్ధతి.

మరుసటి వారం డాక్టర్ తల అడ్డంగా ఊపి "నో ప్రోగ్రెస్" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఆ 'నో'ని మింగేసి, "ప్రోగ్రెస్ అంటున్నడమ్మా" అన్నాను. అమ్మ ఇంకో నలుగురి బట్టలు తీసుకుంది.

నాన్న పోయి దినాలు అయిపోయాక, కత్తెర తగలని ఆ బట్టలన్నీ ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చాను. ఒక ముసలాయన తన తెల్లగుడ్డ అందుకుని "ఫికర్ చెయ్యకు బేటీ" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, నా దిక్కుమాలిన ఇంగ్లీషు మీద ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చి అమ్మకు నిజం చెప్పేశాను.

అమ్మ కుట్టుమిషను మీద దుప్పటి కప్పుతోంది.

"డాక్టర్ తల ఊపుడు నాకు కనబడలేదా బిడ్డా? బట్టలు వద్దంటే నువ్వు ఏడుస్తవని తీసుకున్న."