రత్నాల ఇల్లు కట్టిన పురుగు

వేలెడంత కూడా లేని ఒక పురుగు పర్మనెంటు కాబోయే నా ఉద్యోగాన్నీ, పరువునీ, మా ప్రిన్సిపాలుగారి పేరునీ ఒకే ఉత్తరంతో నీళ్ళపాలు చేసిన కథ ఇది. పురుగుది ఏ తప్పూ లేదని ముందే చెబుతున్నాను. తప్పంతా నాది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు కదా.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నేనొక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్ని, అదీ టెంపరరీ.

"ఏమయ్యా, వేసవి సెలవులు అయ్యేలోగా ఎవరూ చూడని జీవి ఒకదాన్ని కనిపెట్టి రాయి. పర్మనెంటు చేయిస్తాను. లేదంటే జూన్‌లో ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటారు" అన్నారు ప్రిన్సిపాలుగారు. కొత్త జీవులు కిరాణా కొట్లో దొరుకుతాయని ఆయన అభిప్రాయం.

నాకు కాడిస్ పురుగులంటే ఇష్టం. ఈ పురుగు తన చిన్నతనమంతా వాగు అడుగున బతుకుతుంది. ఇసుక రేణువులూ, పుల్లముక్కలూ తన నోటి దారంతో అతికించి, ఒంటి చుట్టూ గొట్టంలా ఇల్లు కట్టుకొని, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. రెక్కలొచ్చాక చిన్న చిమ్మెటలా ఎగిరిపోతుంది. అయితే ఎండాకాలం మా సీమలో నీటిపురుగును వెతకాలంటే ముందు నీటిని వెతకాలి. అందుకే సీసాలూ, స్పిరిటూ సంచిలో వేసుకొని అహోబిలం కొండవాగుకు పోయాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక రాయి తిప్పి అలాగే ఉండిపోయాను. దాని కింద పాకుతున్న పురుగు ఇల్లు ధగధగా మెరుస్తోంది. ఎరుపు, నీలం, పచ్చ! ఇసుక రేణువు ఒక్కటి లేదు.

ఇక్కడ నా పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. నాది పత్తికొండ తాలూకా. తొలకరి పడితే చాలు, మా వైపు జనం చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. మా తాత నలభై తొలకరులు వెతికి నడుంనొప్పి ఒక్కటే సంపాదించాడు. ఆయన ఆస్తిగా ఇచ్చిన కళ్ళే నావి. ఆ కళ్ళకు గాజు అన్న ఆలోచన రాదు. కెంపులు, నీలాలు, పచ్చలు అనుకున్నాను. రత్నాలు ఏరి ఇల్లు కట్టే పురుగు! ఉద్యోగం పర్మనెంటు.

గబగబా ఆరు పురుగులను స్పిరిటు సీసాలో వేసి, సీసాను రేకు డబ్బాలో పెట్టుకున్నాను. కొంచెం ఎగువన గట్టుమీద పూసలమ్ముకొనే ఓబులమ్మ అవ్వ కూర్చుని ఉంది. యాత్రికులకు పూసలూ, గాజులూ అమ్మి బతుకుతుంది.

"ఏమప్పా, సీసా అంత దాచుకుంటాండావు? ఏముండాది దాంట్లో?"

చెబితే ఇంకేమైనా ఉందా! సాయంత్రానికల్లా మా తాలూకా మొత్తం బండ్లు కట్టుకొని వాగులో దిగుతుంది.

"మందు అవ్వా, కడుపునొప్పికి" అన్నాను.

"అట్లనా. ఆ రేకు డబ్బాలో సీసా వట్టిగ పెడితే బండి కుదుపుకు పగులుతాది. గాజు సరుకు నలభై ఏండ్లుగా మోస్తాండా, నాకు తెల్దా? ఇట్ల తే."

అంటూనే నీళ్ళు జారే బండమీది పాచి గుప్పెడు పీకి, సీసా చుట్టూ కూరి డబ్బా మూసింది. నేను మూతికి బిరడా సరిగా బిగించలేదని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

కాలేజీకి వచ్చి తొమ్మిది పేజీల వర్ణన రాశాను. ఆ రత్నాలకు సగం సగం బెజ్జాలు కనిపించాయి. గాలి ఆడడానికి పురుగే వాటిని తొలుస్తుందని అందులో రెండు పేజీలు రాశాను. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. పురుగుకు ప్రిన్సిపాలుగారి పేరు పెట్టాను. ఆయన కళ్ళు చెమర్చాయి. స్టాఫ్ రూములో అందరికీ మైసూరుపాకు పంచి, "సైన్సులో నా పేరు ఇక చెక్కుచెదరదు" అన్నారు. సీసాను మళ్ళీ ఆ డబ్బాలోనే పెట్టి, పాచితో సహా, మద్రాసులో ఒక ప్రొఫెసరుగారికి పంపాము.

నెల తరువాత ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాలుగారు నన్నే పైకి చదవమన్నారు.

"మిత్రమా, మీ రత్నాలు పగిలిన గాజుపూసలు. బెజ్జాలు దారానివి. పురుగు ఊరూరా దొరికే రకమే. అలాంటిదాన్నే సాసర్లో వేసి, మా ఆవిడ పగిలిన గాజులు నలగ్గొట్టి ఇచ్చాను. నాలుగు రోజుల్లో అచ్చం ఇలాంటి ఇల్లే కట్టింది."

అక్కడికి ఆపి ఉత్తరం మడవబోయాను. "చదువు" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"అయితే మీ సీసా కారి, చుట్టూ ఉన్న పాచి స్పిరిటులో నానింది. అందులో మట్టిరంగు గూళ్ళు మూడు చెడకుండా ఉన్నాయి. ఒకదానిలో రెక్కలు విప్పబోతున్న మగపురుగు ఉంది. చాలా అరుదుగా దొరికే జాతి, ఇంతవరకూ ఎవరూ వర్ణించలేదు. మేము వర్ణిస్తాము. సేకరించినవారి పేరే పెడతాము. ఆ పాచి తీసింది ఎవరు?"

జవాబు రాయడానికి కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, కలం నా పేరు మొదటి అక్షరం దాకా పోయింది. సిగ్గేసింది. సీసా పగలకూడదని పాచి కూరిన మనిషికి నేను చెప్పింది కడుపునొప్పి అబద్ధం. అక్షరం కొట్టేసి, పూసల ఓబులమ్మ అని రాశాను.

ప్రిన్సిపాలుగారు అది చదివి, మడిచి నా చేతిలో పెట్టారు.

"పర్మనెంటు చెయ్యాలంటే న్యాయంగా ఆమెనే చెయ్యాలి" అన్నారు. "నువ్వు ఇంకో ఏడాది టెంపరరీగా ఉండు."

ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ అహోబిలం పోయాను.

"అవ్వా, ఒక పురుగుకు నీ పేరు పెట్టినారు. ఇంక లోకమంతా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు."

ఆమె చేతిలో పూసలు ఆగిపోయాయి. "నేనేం జేసినానప్పా నీకు? సీసా పగలకుండా పాచి పెట్టిస్తినే, దానికా ఈ శిక్ష?"

అది గౌరవమని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. ఆ ఊపులో రత్నాల సంగతీ చెప్పేశాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"అవి నా పూసల నూక కదప్పా. దినమూ సందేళ జల్లెడ పట్టి వాగులో పారబోస్తా. ఆ పొద్దు అడిగితే మందంటివి. సీసా చూపిచ్చింటే ఆడనే చెప్తాంటి కదా." అని, పూసలు సర్దుకుంటూ, "కడుపునొప్పి తగ్గిందా?" అంది.

నేను వాగులోకి దిగి, మూడు మునకలు వేసి, తడిబట్టలతో, నృసింహస్వామి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట రెండు కాళ్ళ జీవికి గానీ, ఆరు కాళ్ళ జీవికి గానీ, గట్టుమీద కూర్చున్న అవ్వను అడగకుండా పేరు పెట్టను. తరువాత నాకు నలుగురు పిల్లలు పుట్టారు. నలుగురికీ పేర్లు ఓబులమ్మ అవ్వే పెట్టింది.