సాగదీస్తే వెడల్పయ్యే రబ్బరు

ఆ వీధిలో ఆమెను అందరూ 'మోకాళ్ళక్క' అనే పిలిచేవాళ్ళు. మొదట్లో ఆమె పైపుల అతుకుల్లో వేసే రబ్బరు వాషర్లు కోసే షాపులో పనిచేసేది. మొగుడు టైల్స్ పరిచే మేస్త్రి. పొద్దస్తమానం మోకాళ్ళ మీదే ఆయన బతుకు. సాయంత్రం ఇంటికొచ్చి గోడ పట్టుకుని కూలబడితే, మళ్ళీ లేవడానికి తలప్రాణం తోకకొచ్చేది.

బజార్లో కొన్న మోకాలి తొడుగులు ఆయనకు నప్పలేదు. కాలు మడిస్తే చాలు, రబ్బరు నిలువునా సాగి నడుమ సన్నబడేది. అంచులు పైకి లేచి, తొడుగు పక్కకి జారి, ఎముక నేలకి తగిలేది.

"నేను కోసిస్తాలెండి" అందామె.

"వాషరా?" అని నవ్వాడాయన.

ఆ నవ్వుతో ఆమెకి పంతం పట్టుకుంది. మందంగా కోస్తే మోకాలు మడవడం కుదర్లేదు. పలచగా కోస్తే నేల గుచ్చుకుంది. ఎటూ పాలుపోక, కాలేజీ ల్యాబులో పనిచేసే ఆడబిడ్డ దగ్గరికెళ్ళింది. ఆవిడ అంతా విని, ఓ కాగితం మీద ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వరసగా గాట్లు పెట్టి చేతికిచ్చింది.

"రెండు కొసలూ పట్టుకుని లాగు."

లాగింది. గాట్ల మధ్య గళ్ళన్నీ మూలల దగ్గర తలుపుల్లా తిరిగాయి. కాగితం పొడుగుతోపాటు వెడల్పూ పెరిగింది.

"అదేంటి వదినా, లాగితే సన్నబడాలి కదా!"

"కాగితం అదే, కోత మారిందంతే. గుండ్రటి చోట కూడా ఇది అంచులు లేవకుండా అతుక్కుంటుంది. మోకాలికి పనికొస్తుందో లేదో మాత్రం చెప్పలేను. చేసి చూడాల్సిందే."

చేసింది. మొదటి రబ్బరు గాటు కొసల్లో పర్రున చిరిగింది. లాగిన బలమంతా అక్కడే పోగవుతుందని వదిన చెబితే, వాషర్లకి చిల్లులు పొడిచే పంచితో ప్రతి గాటు కొసనా చిన్న గుండ్రటి చిల్లు కొట్టింది. చిరుగు ఆగింది గానీ గళ్ళని కలిపే మూలలు తెగాయి. వాటిని వెడల్పు చేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. షాపులో తునకలు కుప్పపడ్డాయి.

"ఆ జల్లెడ కట్టుకెళ్తే నలుగురూ నవ్విపోతారే!" అన్నాడు మొగుడు.

"నవ్వనీండి. వాళ్ళ మోకాళ్ళేమైనా మీకు అరువిస్తారా?"

కట్టుకెళ్ళాడు. సాయంత్రం గుమ్మంలోనే కూర్చుని, తనే వాటిని విప్పుకుంటున్నాడు.

"జారలేదు" అన్నాడు. "ఎడమదాని పట్టీ కాస్త వదులు చెయ్యి."

ఆ వారంలోనే తోటి పనివాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఆమె షాపు మానేసి ఇంటి ముందుగదిలోనే పని పెట్టుకుంది. అరిగిన మోకాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. కొన్నేళ్ళకి డాక్టరు ఆయన్ని ఇక నేలమీద కూర్చోవద్దన్నాడు. అప్పట్నుంచి ఆయన స్టూలు మీద కూర్చుని ఆమెకి చిల్లులు కొట్టిపెట్టేవాడు. వంకరగా కొడితే మాత్రం, మొగుడని కూడా చూడకుండా వెనక్కిచ్చేసేది.