తారికి రాని భాష లేదు

సకల జనుల సమ్మెకు బడులన్నీ మూతపడ్డ రోజుల్లో, పొద్దున పదయ్యేసరికల్లా లంబాడీ అవ్వ తారి, తన తండా పిల్లల్ని వెంటేసుకుని మానుకోటలో ప్రసూన నడిపే నెట్ సెంటర్లో వాలేది. మోచేతుల దాకా ఉన్న తెల్లగాజులు గలగలలాడిస్తూ, కుర్చీ వద్దని నిలబడే, "ఇయ్యాల ఏ దేశం బిడ్డా?" అనేది. దేశదేశాల పిల్లల పుస్తకాలు ఉచితంగా చూపించే సైటొకటి తెరిచిపెట్టేది ప్రసూన. ఏ భాషదైనా తారికి ఒకటే, ఆమెకు ఏ అక్షరమూ రాదు. బొమ్మ మీద వేలు పెట్టి లంబాడీలో కథ అల్లుకుంటూ పోయేది. "తెలుగుది పెట్టాల్నా అవ్వా?" అని ప్రసూన అంటే, "ఏదైతేంది, అన్నీ నాకొచ్చినయే!" అని పకపకా నవ్వేది.

ఓనాడు ఏదో చలిదేశపు పుస్తకంలో, మంచులో తప్పిపోయిన ఒంటెపిల్ల తల్లి కోసం ఏడుస్తుండగా కరెంటు పోయింది. భూపాలపల్లి బొగ్గుబాయిలూ సమ్మెలోనే ఉన్నాయి, బొగ్గు లేక కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. పిల్లలు గొల్లుమన్నారు. తారి మాత్రం నల్లటి తెర మీదే వేలు నడిపించింది. ఒంటెపిల్లను వాగు దాటించింది, జొన్నరొట్టె తినిపించింది, కొండెక్కించి తల్లి పొదుగు దగ్గరికి చేర్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

గంటకు కరెంటొచ్చింది. ప్రసూన అదే పేజీ తెరిచింది. ఒంటెపిల్ల మంచులోనే ఏడుస్తోంది. "అయ్యో, గిదింకా ఈడనే ఉన్నది!" అన్నది తారి. పిల్లలు విరగబడి నవ్వారు. "నడువే, మీ అమ్మ కొండ ఎనుకనే ఉన్నది!" అని ఒంటెపిల్లను తొందరపెట్టింది తారి.

పుస్తకంలో తల్లి దొరుకుతుందో లేదో తెలియక ప్రసూన చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

"నొక్కు బిడ్డా, భయమెందుకు?" అన్నది తారి. "మేం చూసే వచ్చినం."