బూరెలు పడని ఆకు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు ఆకలీ నిద్రా దండిగా ఉండేవి, సందేహం మాత్రం ఉండేది కాదు. రేపల్లె నుంచి రోజూ రైల్లో తెనాలి ఆసుపత్రికి వచ్చి, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకు రోజువారీ పనులు మళ్లీ నేర్పించేవాణ్ణి. ఒకసారి కొల్లిపర నుంచి పెళ్లిళ్ల వంటమేస్త్రి ఒకాయన వచ్చాడు. కాలూ చెయ్యీ కోలుకున్నాయి, కళ్లూ బాగానే ఉన్నాయి. మెదడే, ఎడమవైపు ఒకటుందన్న సంగతి పట్టించుకోవడం మానేసింది. వారంలో బాపట్లలో పెళ్లి. కాగే నూనె మూకుడు దగ్గర తానే నిలబడతానని ఆయన, వద్దని భార్య.

కాగితం మీద చుక్కలన్నీ కొట్టేయమంటే కుడివైపువి కొట్టేసి, "అయిపోయింది. ఇదో పరీక్షా? మా మనవరాలు చేసుద్ది" అన్నాడు.

"మొండితనం బాబూ," అంది ఆయన భార్య, నేను పిన్నిగారని పిలిచే ఆవిడ (జబ్బు కంటే ఆవిడకు అదే బాగా తెలుసు).

మర్నాడు అరిటాకు తెచ్చి, ఆవిడ వండి తెచ్చినవన్నీ వరసగా పెట్టి, "బాబాయ్ గారూ, నాకు పెళ్లి భోజనం వడ్డించండి" అని ఆకు ముందు కూర్చున్నాను. ఆకుకు ఎడమవైపు పడాల్సిన ఉప్పూ ఆవకాయా మర్చిపోతాడని నా లెక్క. ఆయన ఎదురుగా కూర్చుని ముందు ఉప్పే వేశాడు. తర్వాత ఆవకాయ, పప్పు. నా పరీక్ష బోల్తా కొట్టిందనుకున్నాను. (వడ్డించేవాడు ఎదురుగా ఉంటాడనీ, నా ఎడమ ఆయనకు కుడి అవుతుందనీ అంత చదివిన నాకు తట్టలేదు.)

"కానివ్వు బాబూ, తిను," అన్నాడాయన.

"బూరెలు ఏవండీ? కూర ఏదండీ?" పిన్నిగారు కేకేసింది. ఆకులో నా కుడిసగం పచ్చగా నిగనిగలాడుతోంది. ఆయన ఎడమ పక్కనున్న గిన్నెల మూతలైనా తీయలేదు.

"అన్నీ వేశాగా!"

"ఎక్కడ, నా నెత్తినా?"

నేను లేచి ఆకును అటుదిటు తిప్పేశాను. ఇప్పుడు ఖాళీ సగం ఆయనకు కుడివైపు వచ్చింది.

"ఏంటి బాబూ, ఖాళీ ఆకు పెట్టావు? నేను వడ్డించిందంతా ఏది?"

మెల్లగా ఆయన గడ్డం పట్టుకుని ఎడమకు తిప్పాను. ఉప్పు, ఆవకాయ, పప్పు. వేలితో ఒక్కొక్కటీ తాకి చూశాడు.

"అయితే మూకుడు కూడా ఇట్టాగే సగం కనపడదన్నమాట," అన్నాడు. "పెళ్లికి తమ్ముణ్ణి నిలబెడదాం. నేను కుర్చీలో కూర్చుని చెప్తా."

పిన్నిగారు కొంగుతో కళ్లొత్తుకుంది. "మీ ఎడమ పక్క నేనుంటానండి."

"నువ్వు ఏ పక్కనున్నా నీ గొంతు వినపడుద్దిలే!"

ఆ మధ్యాహ్నం బూరెలు తిని, రాజ్యం గెలిచినవాడిలా ఛాతీ విరుచుకుని వార్డంతా తిరిగాను. ఎదురైన ప్రతివాళ్లకూ కథంతా చెప్పాను, నా లెక్క తప్పిన సంగతి తప్ప. ఇప్పుడూ అప్పుడప్పుడు గెలుస్తూనే ఉంటాను. ఆ కుర్రాడిలా నడవడమే చేతకావడం లేదు.