నా పికప్ చేసిన రాస్తారోకో

మొన్న నా మెడల దండ వడ్డది, ఎరికేనా? మరిపెడ నుంచి తొర్రూరు పోయే రోడ్డు మీద, పట్టపగలు, చేతుల నిండ గ్రీజు, మొఖం నిండ మసి, మెడల బంతిపూల దండ! ఎందుకు వడ్డదో చెప్త, ముందుగాల చాయ్ తాగుర్రి. నవ్వితే నవ్వుర్రి గని నడుమల లేచి పోవద్దు.

నా బండి సంగతి మీకు తెల్వంది కాదు. డీజిల్ పికప్, సెకండ్ హ్యాండ్‌ల కొన్న. కొన్ననాడు ఎత్తు ఎక్కుడు వస్తే మనం దిగి నూకాలె. ఇప్పుడు? ఎనుక స్ప్రింగు పట్టీలకు ఇంకో పట్టీ ఏసిన, లారీ హారన్ పెట్టిన, బ్యాటరీ మార్చిన. అంత నా చేతుల తోటే. మా తాండల ఎవలన్నా "లచ్చిరాం, ఇది పాత బండా?" అని నోరు తెరిచి అడుగుతే నాకు ఆ పూట అన్నం గూడ అక్కెర లేదు.

ఇగ కొత్తగ చేసిన పని చెప్త. ఇంజన్‌కు కావల్సిన గాలి బానెట్ కిందికెళ్లి పోతది గదా, మన రోడ్ల దుమ్మంత దాని కడుపులకే. అందుకని లావు ప్లాస్టిక్ పైపు పెట్టి, క్యాబిన్ పక్కపొంటి పైదాకా లేపిన. టాప్ మీదికెళ్లి సల్లటి గాలి, సాఫ్ గాలి! మా మెకానిక్ యాకూబ్ భాయ్ చూసి, "పైపు మూతికి జాలీ కట్టు లచ్చిరాం" అన్నడు. "జాలీ కడ్తే గాలి తగ్గదా భాయ్?" అని నేనే ఆయనకు క్లాస్ పీకిన. ఆయన పానా తుడుసుకుంట లోపలికి పోయిండు.

తొర్రూరుల రోడ్డు మీద వంటలు పెడ్తమని తెలంగాణ ఉద్యమ కమిటోళ్లు అనుకున్నరు గదా. ఊరూరి జనం వచ్చుడు, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టుడు, వండుడు, అందరు కూసొని తినుడు. మీటింగుల మా ఇంటామె కమ్లి లేచింది. "మా మూడు తాండలల్ల ఇంటికి చాటెడు బియ్యం ఎత్తుతం. మా ఆయన బండి పదకొండు కొట్టక ముందు తెస్తది" అన్నది. అంత మంది ముందట! బియ్యం, పప్పు, వంకాయలు అన్నీ నాకు అప్పజెప్పి, తెల్లారంగనే ఆటోల తొర్రూరు పోయింది, పొయ్యిలు చూస్కునేటందుకు.

నేను బండి కడిగిన, బొట్టు పెట్టిన. జై తెలంగాణ అని రాసిన పెద్ద బట్ట బ్యానర్ క్యాబిన్ మీద కట్టిన. ఒక దిక్కు కట్టె నాటిన, ఇంకో దిక్కు నా పైపు ఉండనే ఉన్నది, దానికే కట్టిన. హారన్ కొట్టుకుంట పోతుంటే పొలాలల్ల ఉన్నోళ్లు చేతులు లేపుతున్నరు. అబద్ధమెందుకు, సొంత పెండ్లిల గూడ అంత ఖుషీ కాలే.

సగం దూరం పోయిన. స్పీడ్ అందుకున్ననో లేదో, బండి ఎనుక నల్లటి పొగ! యాక్సిలేటర్ తొక్కుతున్న, గుంజుతలేదు. దగ్గింది, ఆగింది.

"ఏం కాదు, డీజిల్ల నీళ్లు చేరినయ్" అనుకున్న. ఫిల్టర్ కింది బోల్టు ఇప్పి నీళ్లు ఇడిసిన. స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కే లేసింది! చూసిండ్రా, మనతోని పెట్టుకుంటదా? ఫర్లాంగు పోయిన. మల్ల పొగ, మల్ల బంద్.

"లైన్ల గాలి పట్టింది" అనుకున్న. చేతిపంపు కొట్టి బుడగలన్నీ ఎల్లగొట్టిన. మల్ల ఒక్క సెల్ఫ్‌కే లేసింది. మల్ల ఫర్లాంగు. ఈసారి నీడకు పెట్టి చూద్దామని కుడి పక్క చెట్టు దిక్కు తిప్పిన. తిప్పుతుండంగనే ఆగింది, సరిగ్గ రోడ్డుకు అడ్డం!

అటు దిక్కు లారీలు, ఇటు దిక్కు లారీలు. ఒకటే హారన్లు. ఆ సప్పుడుకు పక్క ఊరోళ్లు ఉరికొచ్చిండ్రు. బ్యానర్ చూసిండ్రు, అడ్డం ఉన్న బండిని చూసిండ్రు.

"అరె, ఒక్కడే! ఒక్కడే రోడ్డు బంద్ పెట్టిండు!" అన్నడొకాయిన. "జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" అని నేను గూడ అన్న. అనకుండ ఎట్లుంటం?

"అసలు సంగతేందంటే అన్నా..." అని నోరు తెరిచిన. అంతల దండ పడ్డది. దండ పడ్డంక నిజం ఎట్ల చెప్తరు, మీరే చెప్పుర్రి!

నేను బానెట్ లేపి పైపులు ఇప్పుతుంటే, "చూడుర్రి, పోలీసోళ్లు బండి తియ్యకుండ ఇంజనే ఇప్పేస్తున్నడు!" అని సప్పట్లు. అంతల కమ్లి ఫోన్.

"ఏడున్నవయ్యా? నీళ్లు మసులుతున్నయ్. బియ్యమేవి?"

"ఉద్యమంల ఉన్న" అన్న.

"మరి మేమేడున్నం, పెండ్లిలనా?" అని తెలుగుల అరిసింది. కమ్లికి ఉత్త కోపమైతే మా లంబాడీల తిడ్తది. నలుగురికి తెల్వాలనుకుంటే తెలుగుల తిడ్తది. పక్కన ఎందరున్నరో నాకు సమజైంది.

మూడు తాండల బియ్యం నా బండిల ఉన్నది, ఆమె మాట నా చేతుల ఉన్నది. పైపులన్నీ మల్ల బిగించి స్టార్ట్ చేసి, కసితోని యాక్సిలేటర్ తొక్కిన. గడ్డి మోపు దించి కూసున్న ఒక అవ్వ పైకి చెయ్యి చూపెట్టింది.

"బిడ్డా, నీ బండి గుడ్డ మింగుతున్నదేంది?"

దిగి చూసిన. బ్యానర్ కొస పైపు మూతిలకు పోయి, కార్క్ లెక్క బిగుసుకొని ఉన్నది! స్పీడ్ పెంచినప్పుడల్ల బండే దాన్ని లోపలికి పీలుస్తున్నది. ఊపిరాడక ఆగుతున్నది. ఆగంగనే బట్ట బయటికి జారుతున్నది. నేనేమో కింద ఫిల్టర్లు కడుగుతున్న! యాకూబ్ భాయ్ చెప్పిన జాలీ ఉంటే ఇదంత ఉండేదా?

బ్యానర్ ఇప్పి ఎనుక సామాను పెట్టే డాలకు కట్టిన. ఇంజన్ కమ్మగ పాడుతున్నది. గేర్ ఏసిన. ముందట చూస్తే రోడ్డు మీద యాభై మంది కూసున్నరు.

"జర జరుగుర్రి అన్నా, పోవాలె."

"నువ్వే మొదలువెట్టి నువ్వే పోతవా? మేం లేవం!"

అంతల ఎస్సై సాబ్ వచ్చి, "బండి తియ్యి" అన్నడు. "తీస్త సార్! ఇప్పుడే తీస్త!" అని నేను. "తియ్యొద్దన్నా! భయపడకు, మేమున్నం!" అని వాళ్లు. అంత ప్రేమ నా జన్మల చూడలే. ఎస్సై సాబ్ నా మొఖం చూసిండు, జనాన్ని చూసిండు, పోయి జీపుల కూసున్నడు.

ఇగ ఒకడు డాల ఎక్కి, "బియ్యం గూడ తెచ్చిండు!" అని కేక పెట్టిండు. ఊర్లకెళ్లి వంట గంజులు వచ్చినయ్. రోడ్డు మీద పొయ్యిలు లేసినయ్. లారీ డ్రైవర్లు దిగి వంకాయలు కోసిండ్రు. మొఖం తెల్వనోళ్లు అందరు ఒక్క వరుసల కూసొని మా తాండల బియ్యం తింటుంటే, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఆగిపోయిన బండి మీదనే అంత గర్వం!

మూడు గంటలకు ఖాళీ బస్తాలతోని తొర్రూరు చేరిన. అక్కడోళ్లు రోడ్డు పక్క ఇండ్లల్ల అడిగి బియ్యం తెచ్చి వండుకున్నరు, తిన్నరు, గంజులు గూడ తోమిండ్రు. నా ముచ్చట నాకంటే ముందే వచ్చింది. "లచ్చిరామన్న జిందాబాద్!" అని అందరు లేసిండ్రు. కమ్లి ఒక్కతే లేవలే.

ఇంటికొచ్చినంక నిజం చెప్పిన. చాటల మొఖం పెట్టుకొని నవ్వింది. ఎవలకు చెప్పనని ఒట్టు గూడ పెట్టింది. మాట మీద నిలబడ్డది, నిజంగ ఎవలకు చెప్పలే.

నిన్న మల్ల మీటింగ్ అయ్యింది. వచ్చే వారం రాస్తారోకో, వంటలు రెండూ ఉన్నయట. "ఎవల బండికి ఏం పని?" అని అడుగుతే కమ్లే లేసి చెప్పింది:

"రోడ్డు బంద్ చేసుడు మా ఆయన బండికే ఇయ్యుర్రి, దాన్ని మించింది లేదు. బియ్యం మాత్రం ట్రాక్టర్ల తెప్పియ్యుర్రి."