ఆదివారం గేజి

ఏడో తరగతి పరీక్షలో ఫిర్కా మొత్తానికి, అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ, మొదటివాడిగా వచ్చింది పరంజ్యోతి. ఆళ్ళగడ్డలో మా పేట నుంచి కాలువ ఆఫీసులో ట్రేసర్ ఉద్యోగం, అంటే ఇంజనీర్లు గీసిన పటాలకు నకళ్ళు తీసే ఉద్యోగం, సంపాదించిన మొదటివాడూ అతడే. హైదరాబాదులో ఆరు వారాలు ఉండి కంప్యూటర్ నేర్చుకొని, ఆ సర్టిఫికెట్‌కు పటం కట్టించుకొచ్చినవాడూ అతడే. ఇప్పటి పిల్లలకు ఇవి చిన్న సంగతులుగా కనబడొచ్చు. కాలువ గట్టు మీద తూము తలుపులు ఎత్తి దించే లస్కరు కొడుకు, ఆఫీసులో ఒకే ఒక్క చల్లగది తాళంచెవి జేబులో వేసుకొని తిరిగినాడంటే ఏమిటో ఆ రోజుల్లో చూసినవాళ్ళకే తెలుసు.

కానీ ఆ గదిలో అతడు ఎట్లా ఉన్నాడో చూసినవాళ్ళు లేరు.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు, జూలై నెల. నంద్యాల కాలువ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి నాలుగు నెలలయింది. దాని కోసమే ఆ చల్లగది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఆ చెప్పుల జత గుమ్మం ముందు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా పడి ఉండేది. ఒకప్పుడు ట్రేసింగు బల్లల దగ్గర పక్కపక్కన కూర్చొని బీడీ కాల్చినవాళ్ళు, ఇప్పుడు అతడు ఎదురైతే చలి పెడతాందా అని అడిగి నవ్వేవాళ్ళు. భార్య దెబోరా ఆత్మకూరులో టీచరు. రెండో శనివారానికొకసారి బస్సెక్కి వచ్చేది. మిగతా రోజులు అతడు మాట్లాడింది ఆ తెరతోనే. అది బదులు చెప్పేది ఇంగ్లీషులో, అదీ తప్పుందని మాత్రమే.

ఆఫీసు పెద్ద, ఇంజనీరు రామాంజనేయులు, ఒక గడువు పెట్టినాడు. ఆగస్టులో కాలువకు నీళ్ళు వదిలేలోపు లెక్క తేలాలి. పైన ఇన్ని నీళ్ళు వదిలితే, తూములు ఇట్లా తెరిస్తే, ఆళ్ళగడ్డ దగ్గర కాలువ ఎన్ని అడుగులు పారుతుంది? నీళ్ళు వదలకుండానే లెక్కలోనే పారించి చూడాలి. దాన్నే సిమ్యులేషన్ అంటారు. పోయినేడు పైన వదిలిన నీళ్ళ వివరం యంత్రానికిచ్చి, అది చెప్పిన ఎత్తునూ, ఆళ్ళగడ్డ దగ్గర నీళ్ళ ఎత్తు చూపే అంకెల స్తంభాన్ని, అంటే గేజిని, రోజూ చూసి గేజి పుస్తకంలో రాసిన ఎత్తునూ పోల్చాలి. రెండంగుళాల తేడాలో కుదిరితే ఈ ఏడు యంత్రం చెప్పినట్లే నీళ్ళు వదులుతారు. కుదరకపోతే యంత్రం కర్నూలుకు పోతుంది, పరంజ్యోతి మళ్ళీ ట్రేసింగు బల్లకు పోతాడు.

అంత లెక్కా మొదటి నుంచి రాయనక్కరలేదు. హైదరాబాదు వాళ్ళు పదకొండు ఫ్లాపీలలో ఒక లైబ్రరీ పంపినారు. లైబ్రరీ అంటే పుస్తకాల బీరువా కాదు. బండి కట్టేవాడికి చక్రాలు, ఇరుసు, నొగలు చెక్కి సిద్ధంగా ఇచ్చినట్లు. నీళ్ళు పారే లెక్క ఒకటి, తూము లెక్క ఒకటి, నేల పీల్చుకునే లెక్క ఒకటి. మన కాలువకు తగిన చట్రం మనం రాసుకొని, ఆ ముక్కలను దానికి బిగించుకోవాలి. ఆ బిగింపు దగ్గరే పరంజ్యోతికి తొమ్మిది రోజులు పోయినాయి.

అతడు రాసిన చట్రంలో తప్పు లేదని యంత్రమే ఒప్పుకుంది. ముక్కలతో కలపమంటే మాత్రం ముప్పయ్యొక్క పేర్లు చూపించి, ఇవి ఎక్కడా దొరకలేదు అనేది. పేర్లేమో ఆ ఫ్లాపీల్లోనే ఉన్నాయి. ఒకసారి కలపడానికి ఇరవై అయిదు నిమిషాలు. ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. హైదరాబాదుకు జాబు రాసినాడు, బదులు రాలేదు. పక్క గదికి పోయి ఎవరితోనైనా చెప్పుకుందామంటే, ఏమని చెప్పుకోవాలో తెలియలేదు.

పదో రోజు అన్నం క్యారియరు విప్పుతూ ఉంటే తట్టింది. చర్చి విందులో వడ్డించేవాడు పంక్తి వెంట ఒక్కసారే పోతాడు. అప్పటికి ఆకు వేసుకొని కూర్చోనివాడికి అన్నం పడదు. ఇతడు గోడకు పునాది ముందన్నట్లు కూడికలు, గుణకారాలు చేసే ముక్కల ఫ్లాపీని ముందు పెట్టినాడు, వాటిని అడిగే కాలువ ముక్కలను వెనక పెట్టినాడు. వడ్డించేవాడు పోయినాక ఆకులు పరిచినట్లయింది. అడిగేవాళ్ళను ముందుకు, పెట్టేవాళ్ళను వెనక్కు మార్చినాడు. ఇరవై అయిదు నిమిషాలు కళ్ళు ఆర్పకుండా కూర్చున్నాడు. ఒక్క పేరు కూడా తిరిగి రాలేదు. తెర ఊరికే తర్వాతి మాట కోసం ఎదురు చూస్తాంది.

ఎవరి సాయమూ లేకుండా ఆ పని చేసినవాడు ఆ జిల్లాలో ఇంకొకడు ఉన్నాడని నేను వినలేదు. అతడు మాత్రం చల్లబడిన అన్నం తిని, క్యారియరు కడుక్కొని వచ్చినాడు.

మరునాడు పోయినేటి కాలువ పారించి చూసినాడు. నూటఇరవై రోజుల్లో నూటఆరు రోజులు అంగుళం అటూ ఇటూగా గేజి పుస్తకంతో కుదిరినాయి. పద్నాలుగు రోజులు కుదరలేదు. కొన్ని ఆరేడు అంగుళాల తేడా. ఆగస్టు నాలుగు, పదకొండు, పద్దెనిమిది. ఏడు రోజులకొకసారి తప్పు చేసే లెక్క ఏముంటుందని తను రాసిందంతా రెండు రోజులు వెతికినాడు. చివరికి గోడ మీది పాత క్యాలెండరు దించి చూస్తే, ఆ తారీకులన్నీ ఎర్ర అంకెలే, ఆదివారాలు. మిగిలిన మూడు ఆదివారాలు నీళ్ళ ఎత్తు మారక కుదిరినాయి.

గేజి పుస్తకం తీసినాడు. ప్రతి ఆదివారం అంకె శనివారం అంకెకు నకలు. అదే సిరా, అదే వాలు. పొద్దున ఆరు గంటలకు చూసినట్లు గడిలో రాసి ఉంది. ఆ చేతిరాత ఎవరిదో అతనికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. పలక మీద అతని చేత ఓనమాలు దిద్దించిన రాత అది. ఆళ్ళగడ్డకు మూడు మైళ్ళ ఇవతల తంగెడుకట్ట గేజి లస్కరు యోహాను. పరంజ్యోతి తండ్రి.

ముప్పై ఏండ్లుగా ఆళ్ళగడ్డ చర్చిలో ఆదివారం మొదటి గంట కొట్టేది యోహానే. ఆరుకు గంట కొట్టాలంటే చీకటితోనే గట్టు దిగాలి. ఆ చీకట్లో గేజి అంకెలు కనబడవు. అందుకని శనివారం సాయంత్రమే ఆదివారానికి కూడా రాసి, పుస్తకం మూసి, తలకు నూనె పెట్టుకునేవాడు. చిన్నప్పుడు ఎన్నో శనివారాలు పరంజ్యోతి ఆ పక్కనే కూర్చొని చూసినాడు. తప్పని అప్పుడు అనిపించలేదు.

యంత్రంలో ఒక్క వరుస రాస్తే చాలు. ఏడో రోజైతే ముందు రోజు అంకెనే చెప్పు అని. నూటఇరవైకి నూటఇరవై కుదురుతాయి. యోహాను పదవీ విరమణకు తొమ్మిది నెలలుంది.

ఆ శనివారం పరంజ్యోతి ఆళ్ళగడ్డ బస్సెక్కినాడు. కాలువ ఎండి నెర్రెలు విచ్చి ఉంది. గేజి స్తంభం ఒక్కటే తెల్లగా నిలబడి ఉంది. తండ్రి గుడిసె ముందు మంచం వాల్చినాడు.

"నాయనా, పోయినేడు ఆదివారాలు గేజి ఎవరు చూసినారు?"

"నేనే. ఇంగెవరు చూస్తారు?"

"నువ్వు గుడికాడ ఉంటివి గదా."

యోహాను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "శనివారం సాయంత్రం చూస్తి. ఒక్క రేయిలో నీళ్ళు యాడికి పోతాయిరా?"

"పోతాయి నాయనా. మిషన్ చెప్తాంది."

"ముప్పై ఏండ్లు గట్టు మీద ఉండేటోనికి తెలీంది దానికి తెలిసెనా? దాని కాళ్ళు ఎప్పుడన్నా తడిసినాయా?"

పరంజ్యోతి నవ్వలేకపోయినాడు. జరిగిందంతా చెప్పినాడు, ఆ ఒక్క వరుస సంగతితో సహా. యోహాను వింటూ ఎండిన కాలువకేసి చూస్తా ఉండినాడు.

"ఆ వరుస రాస్తే, ఈ తూరి నీళ్ళు కూడా ఆదివారం నిలబడతాయా?"

పరంజ్యోతి లేచి కుండలో నీళ్ళు ముంచుకొని తాగినాడు.

"కూడు తిను," అన్నాడు యోహాను. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

తెల్లవారి పరంజ్యోతి లేచేసరికి మంచం ఖాళీ. గాలి చర్చి వైపు నుంచి వీస్తాంది. మొదటి గంట వినబడింది. గేజి స్తంభం పక్కన నిలబడి, గంట ఆగిపోయేదాకా విన్నాడు.

సోమవారం కాగితాలు రామాంజనేయులు ముందు పెట్టినాడు. ఆయన వరుసలన్నీ వేలితో చూసుకుంటా వచ్చి ఆగినాడు.

"ఈ పద్నాలుగు ఏందప్పా?"

"ఆదివారాలు సార్. ఆ రోజులు గేజి చూళ్ళేదు. శనివారం అంకెనే రాసినారు."

"లస్కరు ఎవరు?"

"యోహాను సార్. మా నాయన."

ఆయన పెన్నుకు మూత పెట్టి, మళ్ళీ తీసినాడు. యంత్రం ఈడనే ఉంటుందన్నాడు. నీళ్ళు ఈ ఏడు దాని లెక్కతోనే వదులుదామన్నాడు. యోహానును సంజాయిషీ అడిగే మెమో సంగతి ఆయన చెప్పలేదు. రెండు రోజుల తర్వాత టైపిస్టు బల్ల మీద దాని కార్బన్ కాపీ పరంజ్యోతికి కనబడింది. ఆ సాయంత్రం టైపిస్టు అతన్ని చూసి తల వంచుకున్నాడు. ట్రేసింగు హాలులో చలి గురించి ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అసలు ఏమీ అడగలేదు.

ఆ ఏడు కాలువ చివరి ఊళ్ళకు నీళ్ళు ఎప్పటికంటే తొమ్మిది రోజులు ముందు అందినాయి. పైనుంచి మెచ్చుకోలు కాగితం వచ్చింది. అతడు దానికీ పటం కట్టించినాడు. ఆళ్ళగడ్డకు మాత్రం తీసుకుపోలేదు. చర్చిలో మొదటి గంట ఇంకొకరు కొడుతున్నారని దెబోరా ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పింది. తండ్రి దగ్గర నుంచి జాబు లేదు. వారం వారం గేజి కాగితాలు మాత్రం వచ్చేవి.

నీళ్ళు వదిలినాక వచ్చిన మొదటి కాగితంలో శనివారం మూడడుగుల నాలుగంగుళాలు. ఆదివారం, పొద్దున ఆరు గంటలు, మూడడుగుల తొమ్మిదంగుళాలు. యంత్రం కూడా తొమ్మిదే చెప్పింది. అదే చేతిరాత.

అప్పటినుంచి ఆదివారాలు పరంజ్యోతి కూడా నంద్యాలలో చర్చికి పోవడం మానుకున్నాడు. పొద్దున ఆరింటికి చెప్పులు గుమ్మంలో విడిచి, గది తాళం తీసి, యంత్రం వేసేవాడు. తండ్రి ఆ వేళకు గట్టు దిగి గేజి దగ్గర నిలబడి ఉంటాడు. యంత్రం ఆ పొద్దు ఎత్తు చెప్పేది. దాన్ని ఒక చీటీ మీద రాసుకొని, బుధవారం తండ్రి గేజి కాగితం వచ్చేదాకా జేబులో పెట్టుకొని తిరిగేవాడు.