గేటు దగ్గర చదివిన ఫిర్యాదు

ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంటే, ఆ కళాశాలలో నేరమే జరగలేదని మీరు నమ్ముతారా?

గద్వాలలో మా కళాశాల గేటు కాసే అవ్వ నమ్మేది కాదు. చదువు రాని ఆమె, ఎవరికి అన్యాయం జరిగినా రాయించి, గేటు దగ్గరే గట్టిగా చదివించుకునేది.

ఒక సీనియర్ వెంటపడి వేధిస్తున్నాడని నా స్నేహితురాలు చదువే మానేస్తానంది. అవ్వ ఆమెతో ఫిర్యాదు రాయిస్తుంటే, "రాస్తే కాలేజీ పేరు ఖరాబైతది" అన్నారు హాస్టల్ వార్డెన్ మేడం.

"పేరు మల్ల తెచ్చుకుందం మేడం, పిల్లను ఏడికెల్లి తెస్తం? జర గట్టిగ చదువు బిడ్డా!" అంది అవ్వ.

నా స్నేహితురాలు చదువుతుండగానే మరో ముగ్గురమ్మాయిలు వచ్చారు. "అవ్వా, వాడు మమ్ముల గూడ గట్లనే సతాయిస్తుండు!"

"రాండ్రి తల్లీ, పుస్తకంల మస్తు జాగ ఉన్నది" అని అవ్వ పకపకా నవ్వింది.

నాలుగు సంతకాలతో అతడు సస్పెండయ్యాడు. నా స్నేహితురాలు నిన్న పట్టా అందుకుంది.

ఎవరైనా ఒంటరిగా ఫిర్యాదు చేస్తుంటే చూస్తూ నిలబడకండి. మీకు తెలిసిన నిజమూ రాయండి.